తెలుసుకోవాలా, వద్దా?

రాబోయే వ్యాధి గురించి ముప్పయ్యేళ్ల ముందే చెప్తామంటే చెప్పించుకుంటారా? హంటింగ్టన్స్ వ్యాధి ఉన్న కుటుంబాలకు ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. మెదడు కణాలను మెల్లమెల్లగా చంపే ఈ వ్యాధి చాలామందిలో 30, 50 ఏళ్ల మధ్య బయటపడుతుంది. కాళ్లూ చేతులూ వశం తప్పుతాయి. మాట, జ్ఞాపకం, మనసు ఒక్కొక్కటే చేజారతాయి. నయం చేసే మందు ఈనాటికీ లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం ప్రమాదముంది.

తన తల్లికి ఈ వ్యాధి ఉందని అమెరికాకు చెందిన నాన్సీ వెక్స్‌లర్‌కు 1968లో తెలిసింది. 1979 నుంచి ఆమె పదేపదే వెనెజులాలోని మరకైబో సరస్సు ఒడ్డుకు వెళ్లింది. తరతరాలుగా ఈ వ్యాధి పీడిస్తున్న నిరుపేద పల్లెల్లో రక్తం నమూనాలు సేకరించింది, వంశవృక్షాలు రాసింది. ఆ శ్రమ ఫలితంగానే వ్యాధి మూలం నాలుగో క్రోమోజోములో ఉందని 1983లో, ఆ జన్యువు ఏదో 1993లో తేలింది. పరీక్ష చేతికొచ్చింది. అయితే నాన్సీ, ఆమె అక్క మాత్రం దాన్ని చేయించుకోలేదు! తనకూ ఆ వ్యాధి ఉందని 2020లో, 74 ఏళ్ల వయసులో నాన్సీ లోకానికి వెల్లడించింది.

హిజ్కియా రాజు సంగతి వేరు. ఆయనకు మరో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తున్నట్టు దేవుడే యెషయా ద్వారా చెప్పాడు (2 రాజులు 20). తన గడువు అంత కచ్చితంగా తెలిసిన మనుషులు అరుదు. ఆ తర్వాత ఆయన బబులోను దూతలకు తన ఖజానా చూపించి మురిసిపోయాడు. నీ సంతానం చెరపోతుందని ప్రవక్త హెచ్చరిస్తే, తన కాలంలో క్షేమముంటే చాలనుకున్నాడు. గడువు తెలిసిన రాజు కన్నబిడ్డల గురించే కలవరపడలేదు. తన సంగతి తెలియని నాన్సీ, పరాయి దేశపు పిల్లల కోసం దశాబ్దాలు ధారపోసింది.

తెలుసుకోడానికి జంకడం పిరికితనమని కొందరు, పరీక్ష అడగడమే అవిశ్వాసమని మరికొందరు విశ్వాసులు అంటారు. రెండూ తొందరపాటు మాటలే! పెళ్లి, పిల్లల విషయం తేల్చుకోడానికి ఒకరికి ఫలితం కావాలి. మరొకరికి తెలియకపోవడమే రోజు గడవడానికి ఆధారం. పైగా ఈ ఫలితం ఒక్కరితో ఆగదు. తాతకున్న వ్యాధి మనవడికీ ఉందని తేలితే, మధ్యలో ఉన్న తండ్రికీ ఉన్నట్టే, ఆయన తెలుసుకోదలచుకోకపోయినా సరే. అందుకే పరీక్షకు ముందు కౌన్సెలింగ్ జరగాలని, లక్షణాల్లేని పిల్లలకు మేజర్లయ్యే దాకా ఈ పరీక్ష చేయకూడదని వైద్యులు నియమం పెట్టుకున్నారు. బంధువులకూ, సంఘపెద్దలకూ అలాంటి నియమమేదీ లేదు.