ఒక కమాండ్, రెండు పనులు: ‘గిట్ చెకౌట్’ కొట్టే ముందు ఇది తెలుసుకోండి

కౌకూర్, బొల్లారం, మేడ్చల్ వైపు ఇళ్లలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. ప్రాజెక్టు చేయాలంటే వాళ్లకు ‘గిట్’ తప్పదు. రాసిన ప్రోగ్రామ్‌కు ఎప్పటికప్పుడు నకలు దాచిపెట్టి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో లెక్క చెప్పే సాఫ్ట్‌వేర్ ఇది. లైనక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని తయారుచేశారు. అదే ఏడాది నుంచి జునియో హమానో దీని బాధ్యత చూస్తున్నారు.

పనిని కాపాడే ఈ సాఫ్ట్‌వేర్‌లోనే పనిని పోగొట్టగల కమాండ్ కూడా ఉంది. పేరు ‘చెకౌట్’. దాని పక్కన బ్రాంచ్ పేరు రాస్తే ఆ బ్రాంచ్‌లోకి తీసుకెళ్తుంది. మన మార్పులు చెరిగిపోయేలా ఉంటే ఆగిపోయి, సంగతి చెబుతుంది. ఫైల్ పేరు రాస్తే మాత్రం కథ వేరు. ఆ ఫైల్‌లో మనం ఇంకా ‘యాడ్’ చేయని మార్పులను తుడిచేసి పాత రూపం పెట్టేస్తుంది. ‘నిజంగా చేయాలా?’ అని ఒక్క మాట కూడా అడగదు. రాత్రంతా కూర్చుని రాసింది అలాగే పోతుంది. గిట్‌కు అసలు అప్పగించనే లేదు కాబట్టి, తర్వాత ‘రెఫ్‌లాగ్’లో వెతికినా దొరకదు.

తికమక ఎక్కడుందో డాక్యుమెంటేషన్ మొదటి లైనే చెబుతుంది. బ్రాంచ్ మార్చడం ‘లేదా’ ఫైళ్లను తిరిగి తేవడం అని అందులో ఉంటుంది. ఆ ‘లేదా’ దగ్గరే కొత్తవాళ్లు పొరపడుతున్నారు.

అందుకే 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో ఆ పనిని రెండుగా విడదీశారు. బ్రాంచ్ మారడానికి ‘స్విచ్’, ఫైల్‌ను పాత రూపానికి తేవడానికి ‘రిస్టోర్’. చెకౌట్‌ను తీసేయలేదు, ఇప్పటికీ పనిచేస్తుంది. అయితే రిస్టోర్ కూడా అడగకుండానే మార్పులు తుడుస్తుంది. కానీ పేరు చూడగానే ఏం జరగబోతోందో అర్థమవుతుంది.

పిల్లలు పాటించాల్సినవి మూడే. ఏ కమాండ్ కొట్టే ముందైనా ‘గిట్ స్టేటస్’ చూడాలి. పని సగంలో ఉంటే ‘స్టాష్’ చేసి పక్కన పెట్టుకోవాలి. చిన్న పనైనా సరే, అయిన వెంటనే ‘కమిట్’ చేయాలి.

ఇంకో మాట. గిట్ డాక్యుమెంటేషన్ కూడా దాని సోర్స్ కోడ్‌తో పాటే అందరికీ అందుబాటులో ఉంటుంది. అర్థం కాని వాక్యం కనిపిస్తే సరిచేసి పంపొచ్చు. అంగీకరిస్తే పంపినవాళ్ల పేరు గిట్ చరిత్రలో నమోదవుతుంది. కౌకూర్‌లో చదువుకునే అమ్మాయికైనా, అబ్బాయికైనా ఆ తలుపు తెరిచే ఉంది.