ఊరి పేరు సరే... చేసినవారి పేరో?

పెళ్లికని ముచ్చటపడి వెండి పాన్‌దాన్ కొంటాం. దుకాణం పేరు గుర్తుంటుంది, ధర అంతకన్నా బాగా గుర్తుంటుంది. చేసిందెవరు? మనం అడగం... వాళ్లూ చెప్పరు! పుస్తకం మీద రచయిత పేరుంటుంది. మరి చేతిపనికి?

కరీంనగర్ ఫిలిగ్రీ పుట్టిల్లు పక్కనున్న ఎలగందుల. వెండిని సన్నటి తీగలుగా లాగి, మెలేసి, ఆకులుగా పూలుగా వంచి, చట్రంలో పేర్చి టంకంతో అతికిస్తారు. ఈ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2009లో నిర్మల్ బొమ్మలకు, 2018లో ఆదిలాబాద్ డోక్రాకు కూడా వచ్చింది.

ఇంతకీ ఆ గుర్తింపు కాపాడేది దేన్ని? పేరుని! ఎక్కడో చేసిన వస్తువుని 'కరీంనగర్ ఫిలిగ్రీ' అంటూ అమ్మడం నేరం. అదే నెమలిని మరో పేరుతో అమ్మితే మాత్రం ఈ చట్టం అడ్డుకోలేదు. పైగా ఇది ఊరుమ్మడి ఆస్తి. ఒకరు మరొకరికి అమ్మడానికి వీల్లేదు. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

అయితే కాపీరైట్ తీసుకోవచ్చుగా అంటారా? తాతల నాటి నమూనాలకు అది వర్తించదు. వర్తించకపోవడమే మంచిది కూడా. వాటిని ఏ ఒక్కరో తమ పేరిట రాయించుకుంటే పక్కింటి కళాకారుడి పొయ్యి ఆరిపోతుంది. తండ్రి చేస్తుంటే చూసి కొడుకు చెయ్యడమే కదా, ఇక్కడ చదువంటే!

కొత్త నమూనా సంగతి వేరు. సొంతంగా ఊహించి చేసిన హస్తకళా వస్తువుకు 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణ ఇస్తుంది. సృష్టికర్త జీవితాంతం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. నమోదు తప్పనిసరి కాదు. కానీ ఒక మెలిక ఉంది. డిజైన్‌గా నమోదు చేసుకోదగిన నమూనాను అలా చేసుకోకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువ తయారుచేస్తే కాపీరైట్ పోతుంది. నమోదు చేసుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ.

అదే చట్టంలో 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. హక్కులు అమ్ముకున్నా సరే, 'ఇది నా సృష్టి' అని చెప్పుకునే హక్కు కర్తకు ఉంటుంది. డబ్బు వేరు, పేరు వేరు అన్నమాట!

ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషేగావ్‌లో ఓజ కళాకారులు చేసే డోక్రానే చూడండి. మైనపు బొమ్మకు మట్టి పూస్తారు. కాలిస్తే మైనం కరుగుతుంది, ఆ ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒక్కలా ఉండవు. ప్రతిదాంట్లోనూ చేసినవారి చెయ్యి కనిపిస్తుంది, పేరొక్కటే కనపడదు!

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. వస్తువుతో పాటు చిన్న చీటీ... దానిమీద ఊరి పేరు, దాని కింద మనిషి పేరు. పేరు తెలిస్తే, ఈసారి అలాంటిదే కావాలనుకున్నవారు నేరుగా ఆ ఇంటి తలుపే తడతారు. ఆ చీటీ వేయించాల్సింది అమ్మేవాళ్లు, అడగాల్సింది మనం.