వంద యోజనాల వారధి, మూడు వందల మీటర్ల కాలువ

వాల్మీకి రామాయణంలో సేతువు కట్టిన లెక్క రోజుల వారీగా ఉంటుంది. మొదటి రోజు 14 యోజనాలు, రెండో రోజు 20, మూడో రోజు 21, నాలుగో రోజు 22, అయిదో రోజు 23. కూడితే సరిగ్గా 100. వెడల్పు 10 యోజనాలు. కట్టించినవాడు నలుడు, కొండలూ చెట్లూ మోసుకొచ్చినవాళ్లు వానరులు. తెలుగు ఇళ్లలో ఈ కథకు ఉడత కూడా తోడైంది. చేతనైనంత సాయాన్ని మనం ఇప్పటికీ ఉడతాభక్తి అనే అంటాం. దేశమంతా అని చెప్పాల్సి వస్తే ఆసేతుహిమాచలం అంటాం. సేతువు మన మాటలోనే నిలిచి ఉంది.

2005లో అదే సముద్రంలో ప్రభుత్వం మరో పని మొదలుపెట్టింది. పొడవు 167 కిలోమీటర్లు, వెడల్పు 300 మీటర్లు, లోతు 12 మీటర్లు, ఖర్చు 2,427 కోట్ల 40 లక్షల రూపాయలు. పేరు సేతుసముద్రం నౌకా కాలువ. అయిదు రోజుల్లో వారధి పూర్తయిన చోట, ఇరవై ఏళ్లయినా కాలువ పూర్తి కాలేదు. భక్తి అడ్డొచ్చిందని కొందరు, అభివృద్ధి పేరుతో దేవుడి గుర్తును చెరిపేయబోయారని కొందరు చెబుతారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న అంకెలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ఓడలు ఎందుకు చుట్టూ తిరుగుతున్నాయి?

రామేశ్వరం ద్వీపం చివర ధనుష్కోటి. అక్కడి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ దాకా సముద్రం లోతు చాలా తక్కువ. ఇసుక దిబ్బలు, సున్నపురాతి మెట్టలు, పగడపు దిబ్బలు వరుసగా ఉంటాయి. వీటిలో 103 చిన్న చిన్న పగడపు దిబ్బలు ఒకే వరుసలో ఉన్నట్టు ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం ఉపగ్రహ చిత్రాల నుంచి గుర్తించింది. దీన్నే మనం రామసేతు అంటాం. పటాల్లో ఆడమ్స్ బ్రిడ్జి అని ఉంటుంది.

2024లో మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు అమెరికా ఉపగ్రహం ఐస్‌శాట్-2 లేజర్ కొలతలతో దీని అడుగుభాగాన్ని పటంగా గీశారు. వాళ్ల లెక్కలో పొడవు 29 కిలోమీటర్లు. సముద్రగర్భం నుంచి ఎత్తు 8 మీటర్ల దాకా ఉంది. శిఖర రేఖలో 99.98 శాతం నీటిలోనే, అదీ లోతు తక్కువ నీటిలోనే ఉంది. చేపల పడవలు దాటగలవు, సరుకు ఓడలు దాటలేవు. అందుకే విశాఖపట్నం నుంచి కొచ్చికో ముంబైకో పోయే ఓడ శ్రీలంక మొత్తాన్ని చుట్టి వెళ్లాలి.

145 ఏళ్ల ఆలోచన

ఇక్కడ దారి తవ్వాలన్న ప్రతిపాదనను 1860లో ఇండియన్ మెరైన్స్ అధికారి ఏ.డి. టేలర్ తెచ్చారు. 1922 దాకా మొత్తం తొమ్మిది ప్రతిపాదనలు వచ్చి పక్కకు పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1955లో రామస్వామి ముదలియార్ అధ్యక్షతన కమిటీ వేశారు. మరుసటి ఏడాది అది ప్రాజెక్టు మంచిదేనని చెబుతూ ఒక హెచ్చరిక చేసింది. ఇసుక కదిలే ఆడమ్స్ బ్రిడ్జి మీదుగా సముద్రంలో తవ్వాలన్న ఆలోచన మానుకోవాలి, భూమి మీద కాలువ తవ్వి రెండు సముద్రాలను కలపాలి అన్నది దాని సలహా. ఇది మతం ప్రస్తావన లేకుండా ఇసుకను చూసి చెప్పిన మాట. తర్వాత జరిగిన గొడవలో దీన్ని తలుచుకున్నవాళ్లు తక్కువ.

తమిళనాడులో అన్నాదురై కాలం నుంచీ ఈ కాలువ ఒక రాజకీయ ఆకాంక్ష. ఆరు మార్గాలను పరిశీలించి, చివరికి సేతువును చీల్చుకుంటూ పోయే ఆరో మార్గాన్ని ఎంచుకున్నారు. 2005 జులై 2న మదురైలో ప్రధాని మన్మోహన్ సింగ్ పనులు ప్రారంభించారు.

ఎంత తవ్వాలి?

167 కిలోమీటర్లూ తవ్వనక్కర్లేదు. మధ్యలో 78 కిలోమీటర్ల మేర సముద్రానికి కావలసిన లోతు సహజంగానే ఉంది. సేతువు దగ్గర 35 కిలోమీటర్లు, ఉత్తరాన పాక్ జలసంధి వైపు 54 కిలోమీటర్లు తవ్వాలి. తీయాల్సిన ఇసుక, మట్టి 8.25 కోట్ల ఘనపు మీటర్లు. అందులో 4.8 కోట్లు సేతువు దగ్గరే.

పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌తో లెక్కేస్తే ఇది 82.5 లక్షల ట్రిప్పులు. సేతువు దగ్గర 35 కిలోమీటర్ల పొడవునా, 300 మీటర్ల వెడల్పున, సగటున నాలుగున్నర మీటర్ల మందాన తీయాలి. పైగా ఇది ఒక్కసారితో పోయేది కాదు. కెరటాలూ ప్రవాహాలూ తెచ్చిన ఇసుక మళ్లీ చేరుతుంది, ఏటా తీస్తూనే ఉండాలి. అక్కడి సముద్రం ఎలాంటిదో 1964 డిసెంబరు తుపాను చూపింది. ఒక్క రాత్రిలో ధనుష్కోటి ఊరు ఊరంతా పోయింది, ప్రయాణికులతో వస్తున్న రైలు సహా.

తవ్వకం విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌కు దక్కింది. 2006 డిసెంబరులో సేతువు వద్ద పని మొదలైంది. కొద్ది కాలానికే అక్వేరియస్ అనే డ్రెడ్జర్‌ను అడుగున నిలిపి ఉంచే ఉక్కు స్తంభం విరిగింది. భక్తులకు అదొక సంకేతంగా తోచింది.

ఎంత మిగులుతుంది?

ప్రభుత్వం చెప్పిన లాభం: దూరం 424 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 780 కిలోమీటర్లు తగ్గుతుంది, కాలం 30 గంటల దాకా కలిసివస్తుంది. ఇందులో 'దాకా' అన్న మాటే కీలకం.

424ను 30తో భాగిస్తే గంటకు 14 నాటికల్ మైళ్లు. అది నడి సముద్రంలో ఓడ వేగం. ఇరుకు కాలువలో పైలట్ సాయంతో పోయే ఓడ ఆ వేగంతో పోలేదు. 167 కిలోమీటర్లు అంటే 90 నాటికల్ మైళ్లు. 14 వేగంతో ఆరున్నర గంటల్లో దాటొచ్చు. 8కి తగ్గిస్తే పదకొండు గంటలు దాటుతుంది. మిగిలిన 30 గంటల్లో దాదాపు అయిదు గంటలు అక్కడే కరిగిపోతాయి. ఆపైన కాలువ రుసుము కట్టాలి.

రెండో సంగతి, ఆ ఓడ ఎక్కడి నుంచి వస్తోంది? తూత్తుకుడి నుంచి చెన్నై వెళ్లే ఓడకు లాభం ఎక్కువ. యూరప్ నుంచో ఆఫ్రికా నుంచో కోల్‌కతా వెళ్లే ఓడ ఎలాగూ దక్షిణంగా వస్తుంది కాబట్టి దానికి తగ్గే దూరం చాలా తక్కువ. తూత్తుకుడి ఓడ లాభాన్ని అన్ని ఓడలకూ అంటగట్టారని ఆర్థిక విశ్లేషకుడు జేకబ్ జాన్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో లెక్కలతో రాశారు.

మూడోది ఓడ పరిమాణం. 12 మీటర్ల లోతులో 30 వేల టన్నుల స్థాయి ఓడలే పోగలవు. బొగ్గు, ముడి ఖనిజం మోసే నేటి ఓడలు అనేకం దీనికి రెట్టింపు పైనే. సూయజ్ కాలువ లోతు 24 మీటర్లు. అది ఆఫ్రికా ఖండాన్నే చుట్టే వేల కిలోమీటర్ల ప్రయాణాన్ని తప్పిస్తుంది. సేతుసముద్రం తప్పించేది ఒక ద్వీపం చుట్టూ తిరగడాన్ని.

అయితే లాభం లేనే లేదనడం కూడా తప్పే. విశాఖ, పారాదీప్ రేవుల నుంచి తూత్తుకుడి విద్యుత్ కేంద్రానికి పోయే బొగ్గుకు, తీర రక్షక దళం నౌకలకు ఈ దారి నిజంగా ఉపయోగపడేది. ఆ ఉపయోగం 2,427 కోట్లకు తగినదా అన్నదే తేలాల్సిన ప్రశ్న.

రెండు వారాల్లో మలుపు

2007 ఆగస్టు 31న సుప్రీంకోర్టు, రామసేతుకు ఎలాంటి నష్టం కలగకుండానే తవ్వకం సాగాలని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. సెప్టెంబరు 12న భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అఫిడవిట్ వేసింది. రామాయణం వంటి గ్రంథాలు వాటిలోని పాత్రలు నిజంగా ఉన్నాయనడానికి చారిత్రక ఆధారం కావన్నది దాని సారం. దేశమంతా నిరసనలు లేచాయి. రెండు రోజుల్లో, 14వ తేదీన, కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ఇద్దరు పురావస్తు అధికారులు సస్పెండయ్యారు.

నా దృష్టిలో అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. రాముడు ఉన్నాడా అన్నది కాలువ తవ్వే శాఖ తేల్చాల్సిన విషయం కాదు. ఆ దిబ్బ మనిషి కట్టిందో ప్రకృతి పేర్చిందో తేలినా, కాశీలో గంగాజలం పట్టి రామేశ్వరంలో అభిషేకం చేయించే తెలుగు కుటుంబానికి, సేతువు ఇసుక తీసుకెళ్లి గంగలో కలిపే ముసలమ్మకు అది తీర్థమే. కొలిచేవాళ్లు ఉన్నారన్నది కూడా ఒక వాస్తవమే. ప్రభుత్వం లెక్కలో చేర్చాల్సింది ఆ వాస్తవాన్ని.

29 కిలోమీటర్లలో 300 మీటర్లంటే ఒక్క శాతమేగా అని కొందరు వాదించారు. అంకెగా అది నిజమే. కానీ గుడి గోడలో ఒక శాతమే తీస్తామంటే ఒప్పుకునే ఊరు ఉండదు.

నినాదాల కింద మరుగున పడినవి

మరోవైపు, భక్తి ఒక్కటే చర్చ అయ్యేసరికి మిగతా లెక్కలు వెనక్కిపోయాయి. కాలువకు దక్షిణాన ఉన్న మన్నార్ సింధుశాఖ జీవావరణ రక్షిత ప్రాంతం 10,500 చదరపు కిలోమీటర్లు. దాని గుండెకాయ 21 దీవుల జాతీయ పార్కు. 3,600కు పైగా జీవజాతులు, 117 రకాల పగడాలు అక్కడున్నాయని నమోదైంది. అంతరించిపోతున్న సముద్రపు ఆవులు మేసే గడ్డి మైదానాలు అక్కడివే. తవ్వినప్పుడు లేచే బురద పగడాల మీద పేరుకుంటే అవి బతకవు. రామనాథపురం తీరంలో వలే జీవనాధారమైన వాళ్లు, ఓడల దారి పడితే తమ దారి ఏమవుతుందని అడిగారు.

2004 సునామీ తర్వాత, తెలుగు నేల నుంచి కెనడా వెళ్లిన సునామీ నిపుణుడు తాడేపల్లి సత్యనారాయణ మూర్తి మరో ప్రశ్న వేశారు. ఈ కాలువ కొత్త లోతు దారిగా మారి సునామీ అలలను కేరళ తీరానికి మళ్లించవచ్చని, తూర్పు ముఖద్వారం దిశ మార్చాలని సూచించారు. ఈ ప్రశ్నలకు టీవీ చర్చల్లో దక్కిన సమయం చాలా తక్కువ.

829 కోట్లు

సేతువు వద్ద పని ఆగింది. 2009లో పాక్ జలసంధి వైపు తవ్వకమూ ఆగింది. 2008లో ఆర్.కె. పచౌరీ నేతృత్వంలో వేసిన కమిటీ, సేతువును తాకని ప్రత్యామ్నాయ మార్గం కూడా ఆర్థికంగానూ పర్యావరణపరంగానూ సరికాదంది. 2012 జూన్ నాటికి అయిన ఖర్చు 829 కోట్లని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. తొలి అంచనాలో మూడో వంతు పోయింది, ఒక్క ఓడా దాటలేదు.

2018 మార్చిలో, సేతువుకు నష్టం చేయబోమని, వేరే దారి చూస్తామని కేంద్రం కోర్టుకు తెలిపింది. 2022 డిసెంబరులో రాజ్యసభలో మంత్రి జితేంద్ర సింగ్, అంతరిక్ష చిత్రాల్లో దీవుల ముక్కలూ సున్నపురాతి మెట్టలూ కనిపిస్తున్నాయి గానీ అవి వంతెన అవశేషాలేనని కచ్చితంగా చెప్పలేమన్నారు. 2023 జనవరి 12న తమిళనాడు శాసనసభ ప్రాజెక్టును పూర్తి చేయాలని తీర్మానించింది. వారం తిరిగేసరికి, సేతువును జాతీయ వారసత్వంగా ప్రకటించే అంశం పరిశీలనలో ఉందని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది.

ముందే అడిగిన చోట

ప్రాజెక్టుకూ విశ్వాసానికీ పొత్తు కుదరదని అనుకోనక్కర్లేదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, బౌద్ధ శిల్పాలనూ కట్టడాల నమూనాలనూ కొండ మీదికి చేర్చారు. శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. అక్కడా కన్నీళ్లున్నాయి, పొలాలూ ఇళ్లూ కోల్పోయినవాళ్లున్నారు. కానీ గుడి సంగతి ముందే లెక్కలోకి వచ్చింది. విప్పి మరో చోట పెట్టగల గుడికే అంత ముందుచూపు అవసరమైతే, కదల్చలేని 29 కిలోమీటర్ల దిబ్బకు ఇంకెంత కావాలి?

పెద్ద పని ఏదైనా కొబ్బరికాయ కొట్టకముందే మూడు లెక్కలు జనం ముందు పెట్టాలి. ఎంత ఖర్చు, ఎవరికి ఎంత లాభం. ఏ జీవికి, ఎవరి బతుకుకు ఎంత నష్టం. ఆ నేలను, ఆ నీటిని ఎవరు కొలుస్తున్నారు. మూడోది తర్వాత చూద్దామనుకుంటే మొదటి రెండూ తలకిందులవుతాయి. మూడోదాన్నే పట్టుకుని మొదటి రెండింటినీ అడగకపోతే పగడానికీ జాలరికీ అన్యాయం జరుగుతుంది.

సేతువుకు కొద్ది దూరంలోనే పాంబన్ ఉంది. 1914 నాటి రైలు వంతెన అక్కడ వందేళ్లకు పైగా భక్తులను మోసింది. దాని పక్కనే 2.08 కిలోమీటర్ల కొత్త వంతెన కట్టారు. ఓడ వస్తే 72.5 మీటర్ల ఉక్కు భాగం నిలువుగా పైకి లేచి దారి ఇస్తుంది. అది 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, ప్రారంభమైంది.