తీగకు నూరు మీటర్ల హద్దు ఎందులకు?

కళాశాలలోని కంప్యూటరు గదికిని, ఆవరణ చివరనున్న వసతిగృహమునకును నడుమ దూరము 180 మీటర్లు అనుకొందము. ఈథర్‌నెట్ తీగ అంగడిలో 305 మీటర్ల చుట్టగా దొరకును. ఒకే తుండు లాగినచో పని తీరునని ఎవరికైనను తోచును. అట్లు లాగిన తీగ కొన్నాళ్లు పనిచేయవచ్చును గూడ. పిమ్మట వేసవిలో ఒకనాడు, విద్యార్థులు పరీక్ష దరఖాస్తులు పంపు వేళకు, గడువు దాటువరకు తెరపై చక్రము తిరుగుచునే యుండును.

ఈ తీగకు ప్రమాణము విధించిన హద్దు 100 మీటర్లు. అందు 90 మీటర్లు గోడలలో స్థిరముగా నుండు తీగకు, తక్కిన 10 మీటర్లు రెండు కొసలనుండు వదులు తీగలకు. ఈ అంకె ఎట్లు వచ్చినది?

పలువురు చెప్పు సమాధానము పాతకాలపుది. 1973లో అమెరికాయందు జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈ పద్ధతిని మొదలిడినప్పుడు యంత్రములన్నియు ఒకే తీగను పంచుకొనెడివి. రెండు యంత్రములు ఒకేసారి పలికినచో సందేశములు ఢీకొనును. ఆ సంగతి సందేశము ముగియకమునుపే పంపిన యంత్రమునకు తెలియవలెను. తరువాత ప్రమాణముగా ఏర్పడిన, సెకండుకు కోటి బిట్లు పంపు పద్ధతిలో అతిచిన్న సందేశము 512 బిట్లు. దానిని పంపుటకు పట్టు కాలము 51.2 మైక్రోసెకండ్లు. అంతలోనే సంకేతము దూరపు కొసకు పోయి మరలి రావలెను. కాని నేటి స్విచ్చిలతో ఇరువైపులవారును ఒకేసారి పలికినను చిక్కు లేదు. ఢీకొనుట యన్నదే పోయినది. అయినను హద్దు పోలేదు. కారణము రాగిలోనే యున్నది.

సంకేతము తీగ వెంబడి పోవుచు క్షీణించును. ఈ క్షీణత మీటరుకింతయని సమముగా తగ్గునది కాదు. ప్రతి అంచెలోను, మిగిలియున్నదానిలో ఇన్నవ వంతుగా తగ్గును. ‘కేటగిరీ 5ఇ’ తీగమార్గములో, సెకండుకు 10 కోట్ల కంపనముల వద్ద, 100 మీటర్లకు 24 డెసిబెల్లుల వరకు క్షీణత అనుమతింపబడినది. అనగా పంపిన శక్తిలో సుమారు 250వ వంతే చేరును. 200 మీటర్లకు 500వ వంతు చేరునని లెక్కించువారు పొరబడుదురు. చేరునది 250వ వంతులో మరల 250వ వంతు. రమారమి 60,000వ వంతు.

అట్లయిన గట్టిగా అరచిన నేమి? తొడుగు లోపల నాలుగు జంటల తీగలున్నవి. ఒక జంటలోని సందడి కొంత పక్క జంటకు అంటును. దీనిని తగ్గించుటకే జంటలను మెలివేయుదురు. మెలికను విప్పివేసి కొసలు బిగించు పనివాడు తెలియకయే తీగకు హాని చేయుచున్నాడు. దూరమునుండి వచ్చిన సన్నని సంకేతము, దగ్గరనే బయలుదేరు పెద్ద సంకేతము సందడిలో మునుగును. ఇరువైపుల బలము పెంచినచో సందడియు అంతే పెరుగును. 1858లో అట్లాంటిక్ సముద్రములో వేసిన తొలి తంతితీగ మందకొడిగా నున్నదని వైట్‌హౌస్ అను అధికారి సుమారు 2,000 వోల్టులు ప్రయోగించెను. కొన్ని వారములకే ఆ తీగ మూగవోయినది.

రాగి నిరోధము ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతము పెరుగును. జనవరిలో పరీక్ష నెగ్గిన మేడమీది తీగ మే నెలలో తప్పుటకు ఇదొక కారణము. తప్పులు దొర్లిన పాకెట్లను యంత్రము చప్పుడు చేయక పారవేసి, మరల పంపించుకొనును. వాడువారికి కనబడునది ఆలస్యమే. అందుచే నింద తీగపై పడదు. ఇక రాగి పూత పూసిన అల్యూమినియము తీగ చవకయని కొన్నచో, నిరోధము రాగికన్న ఒకటిన్నర రెట్లు. నూరు మీటర్లపైనను నమ్మరాదు.

హద్దు దాటుటకు న్యాయమైన దారులు రెండు. నడుమ నొక స్విచ్చి నుంచుట మొదటిది. ఇది సంకేతమును సందడితో సహా పెంచునది కాదు. బిట్లను చదువుకొని, కొత్తగా వ్రాసి పంపును. అక్కడినుండి మరల నూరు మీటర్లు దొరకును. కాని ఆరుబయట దానికి కరెంటు, గూడు కావలెను. దారి మధ్య దీనివలన వచ్చు చిక్కులు వాడినవారికే తెలియును.

రెండవది గాజు తంతువు, అనగా ఆప్టికల్ ఫైబర్. రాగి 100 మీటర్లకు 24 డెసిబెల్లులు మ్రింగగా, మేలిరకపు గాజు కిలోమీటరుకు అర డెసిబెల్ అయినను మ్రింగదు. సెకండుకు నూరు కోట్ల బిట్లను 5 కిలోమీటర్లు మోయుట దానికి సులభము. రెండు భవనముల నడుమ రాగిని వేయరాదనుటకు వేరొక కారణమును గలదు. సమీపమున పిడుగు పడినచో తీగ వెంబడి విద్యుత్తు ఉప్పొంగి రెండు కొసల యంత్రములను కాల్చును, తాకినవారికిని అపాయమే. గాజు విద్యుద్వాహకము కాదు.

గాజునకు లోపము లేకపోలేదు. రాగివలె కెమెరాకు కరెంటును మోయదు. అతికించుటకు ప్రత్యేకపు పనిముట్టు కావలెను. సెన్సారులవంటి చిన్న పనులకైతే, 2019లో వెలువడిన ప్రమాణము ప్రకారము ఒకే జంట రాగితీగపై సెకండుకు కోటి బిట్లను 1,000 మీటర్లు పంపవచ్చును. వేగము తగ్గించి దూరము కొనుట యన్నమాట. వసతిగృహమునకు మాత్రము గాజే తగినది. గొట్టము పూడ్చునప్పుడే అందు నొక నైలాను తాడు వదలినచో, రెండవ తంతువు కొరకు నేల మరల త్రవ్వ నక్కరలేదు.