సముదాయ పాఠశాల: ఇంటి భాష, బడి భాష, ప్రార్థన భాష

వలస వెళ్లినవారు తమ భాషను, మతాచారాలను పిల్లలకు అందించడానికి సొంతంగా నడుపుకునే బడిని సముదాయ పాఠశాల అంటారు. సాధారణంగా ఇది సాయంత్రాలు, సెలవు రోజుల్లో ప్రభుత్వ బడికి తోడుగా నడుస్తుంది.

ఉదాహరణకు తూర్పు లండన్‌లోని బంగ్లాదేశీ ముస్లింలను తీసుకుందాం. వీరిలో అత్యధికుల మూలాలు సిల్హెట్ ప్రాంతంలో ఉన్నాయి. వీరు స్థిరపడిన బ్రిక్ లేన్ వీధిలో, 1743లో ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు కట్టిన చర్చి 19వ శతాబ్ది చివర యూదుల ప్రార్థనాలయమై, 1976లో మసీదు అయింది. ఈ సముదాయపు పిల్లలు పగలు ఇంగ్లీషులో చదువుతారు. ఖురాన్ పఠనానికి అరబ్బీ, పెద్దలతో బంధం నిలవడానికి బెంగాలీ వేరుగా నేర్చుకుంటారు.

మతం నేర్పితే చాలదా, భాష కూడా ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో, బెంగాలీని కూడా పాకిస్తాన్ రాజభాష చేయాలన్న ఉద్యమంపై పోలీసులు కాల్పులు జరపగా పలువురు మరణించారు. పాలకులదీ ఉద్యమకారులలో అత్యధికులదీ ఒకే మతం. అయినా భాషను వదులుకోలేదు. యునెస్కో 1999లో ఆ తేదీనే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది.

అయితే ఒక చిక్కు గమనించండి. బడిలో నేర్పేది ప్రామాణిక బెంగాలీ. ఇంట్లో అమ్మ మాట్లాడేది సిల్హెటీ. రావులపాలెంలో "ఆయ్" అనే పిల్లవాడికి పుస్తకంలో "అవునండి" ఎదురైనట్టే. అక్కడ ఎడం ఇంకా ఎక్కువ. ఇంటి మాటను తప్పుగా దిద్దితే పిల్లవాడు రెండూ వదిలి ఇంగ్లీషుకే పరిమితం కావచ్చు. అప్పుడు నాయనమ్మతో మాటలు తగ్గిపోతాయి. కాబట్టి సముదాయ పాఠశాల ఇంటి మాటతో మొదలుపెట్టి ప్రామాణిక భాషకు నడిపించాలి.

అభ్యాసం: మీ ఇంట్లో వాడే, పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఐదు మాటలు రాయండి.