ఒక చెంచా అంటే ఎన్ని మిల్లీగ్రాములు?

మన హోసూరు వైపు పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరు మాట ఇల్లు చేరేలోపు మూడు భాషలు దాటుతుంది. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. మందుల షాపతను తమిళంలో చెప్తాడు. ఇంటికొచ్చి తల్లి దాన్ని అత్తగారికి తెలుగులో చెప్పాలి. కోడలు కుప్పం నుంచి వచ్చినదైతే తమిళం చదవలేదు. అవ్వకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. తల్లీతండ్రీ పనికి పోతే పగలంతా మందు పోసేది ఆ అవ్వే. ఈ దారిలో ఎక్కువగా జారిపోయేది మందు పేరు కాదు, కొలత.

పారాసిటమాల్ లేని ఇల్లు ఉండదు కాబట్టి దాన్నే చూద్దాం. పేరు ఒకటే అయినా పిల్లల మందు రకరకాల బలాల్లో వస్తుంది. ఒక సీసాలో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉంటుంది. ఇంకో సీసాలో అదే 5 మి.లీ.కి 250 మి.గ్రా. పసిబిడ్డల డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. చిన్న సీసా కదా, బలం తక్కువనుకుంటారు చాలామంది. నిజానికి అన్నిటికన్నా చిక్కనిది అదే.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, లెక్క వేయకుండా ఉండలేను. డాక్టర్లు ఈ మందును బిడ్డ బరువును బట్టి ఇస్తారు. ఒక్కో మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. 10 కిలోల బిడ్డకు 100 నుంచి 150 మి.గ్రా. అన్నమాట. 250 రకంలో అది 2 నుంచి 3 మి.లీ., 120 రకంలో సుమారు 4 నుంచి 6 మి.లీ., డ్రాప్స్‌లో 1 నుంచి 1.5 మి.లీ. ఆ బిడ్డకే డ్రాప్స్‌ను ‘ఒక చెంచా’ అని 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. లోపలికి పోతుంది. తారుమారైతే ఇంకో నష్టం. 250 రకానికి చెప్పిన 2 మి.లీ.ను 120 సీసాలోంచి పోస్తే 48 మి.గ్రా. మాత్రమే. జ్వరం దిగదు, మనం ‘ఈ డాక్టరు మందు పనిచేయలేదు’ అని ఇంకో డాక్టరు దగ్గరికి పోతాం. పాపం, ఆయన తప్పేముంది?

అందుకే షాపులో సీసా చేతికి రాగానే రెండు అంకెలు చూడాలి: ఎన్ని మి.లీ.లో ఎన్ని మి.గ్రా. చీటీలో ఉన్న అంకెలు అవే కాకపోతే, బ్రాండు మారితే, అక్కడే అడగాలి. ‘ఒక స్పూన్’ అంటే ఊరుకోవద్దు, ఎన్ని మి.లీ. అని అడిగి, సీసాతో వచ్చే మూత మీదో, డ్రాపర్ మీదో ఆ గీత వరకు బాల్‌పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. అవ్వకు ఏ భాషా చదవనక్కరలేదు, గీత కనపడితే చాలు. వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక కొలతవి కావు.

చీటీలో 1-0-1 అంటే పొద్దున, రాత్రి, మధ్యాహ్నం లేదు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే, రోజూ వేసేది కాదు. విన్నదాన్ని డాక్టరుకే తిరిగి అప్పజెప్పండి, మీకు వచ్చిన తమిళంలోనే. సిగ్గు అక్కర్లేదు. ఇంట్లో క్యాలెండరు మీద మందు వేసిన టైము రాసి పెడితే, అమ్మ వేసి పోయిందని తెలియక అవ్వ మళ్ళీ వేయదు. పారాసిటమాల్‌కు మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి.

జలుబు మందులతో ఇంకో చిక్కు. వాటిలో కొన్నింటిలో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది. పైన జ్వరం మందు కూడా పోస్తే అది రెండింతలు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు పోయారు. ఆ మందు తయారైంది మన కాంచీపురం జిల్లాలో. అందులో విషం కలిసింది, లేబుల్ చదివినా ఏ తల్లికీ తెలిసేది కాదు. అయితే అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పిన మాట గుర్తుంచుకోవాలి: 2 ఏళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదు, 5 ఏళ్ళలోపు వారికి మామూలుగా అవసరం లేదు. పక్కింటివాళ్ళు ఇచ్చిన సగం సీసా అసలే వద్దు.

పొడిగా వచ్చే యాంటీబయాటిక్‌లో కాచి చల్లార్చిన నీళ్ళు సీసా మీది గీత వరకు పోసి బాగా కుదపాలి. కలిపాక ఎన్ని రోజులు వాడాలో దాని మీదే ఉంటుంది. మిగిలింది మళ్ళీ జ్వరానికని దాచకండి.

పొరపాటున పారాసిటమాల్ ఎక్కువ పోశారని తెలిస్తే, బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఆగవద్దు. కాలేయానికి జరిగే హాని మొదటి రోజు పైకి కనపడకపోవచ్చు. సమయానికి పోతే విరుగుడు మందు ఉంది. వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి, ఆ సీసానూ, ఎంత పోశారో ఎప్పుడు పోశారో రాసిన కాగితాన్నీ వెంట తీసుకుపోండి.