బొరియ వాకిట కెమెరా

ఒంటారియోలోని హామిల్టన్ నుంచి కారులో నైరుతిగా దాదాపు గంట వెళ్తే నార్‌ఫోక్ ఇసుకనేలలు వస్తాయి. అక్కడి పొలాల గట్లలో అమెరికన్ బ్యాడ్జర్ బతుకుతోంది. కురచ కాళ్లు, ముక్కు నుంచి తల మీదుగా సాగే తెల్లచార, మట్టి తవ్వడానికి పొడవాటి గోళ్లు. ఒంటరి జీవి, ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతుంది. ఒంటారియో మొత్తంలో 200 కన్నా తక్కువే మిగిలాయని అంచనా. తన పొలంలోనే ఉన్నా రైతు కంట పడకపోవచ్చు. అలాంటి జీవి జాడ పట్టిచ్చే యంత్రం కెమెరా ట్రాప్.

దీని పుట్టుక 1890లలో. జార్జ్ షైరస్ అనే అమెరికా లాయరు మిషిగన్ అడవిలో జంతువులు నడిచే బాటకు అడ్డంగా తీగ కట్టాడు. జింక కాలు తగిలితే మెగ్నీషియం పొడి భగ్గున మండేది, ఫొటో పడేది. ఆయన తీసిన 74 ఫొటోలను నేషనల్ జియోగ్రాఫిక్ 1906 జులైలో అచ్చువేసింది. 1920లలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అలాగే మన పులులను ఫొటో తీశాడు. 1990లలో ఉల్లాస్ కారంత్ నాగరహొళెలో చారలను బట్టి ఒక్కో పులినీ గుర్తుపట్టి, పులుల లెక్కకు గణితాన్ని జోడించారు. వేట సరదాగా మొదలైన పరికరం అప్పుడు శాస్త్రం చేతికి వచ్చింది.

ఇప్పుడు తీగ లేదు. ఒంటి వేడి కదలగానే సెన్సర్ పసిగడుతుంది, రాత్రిపూట కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఫొటో పడుతుంది. పరిసరాలు జంతువు ఒంటితో సమానంగా వేడెక్కితే మాత్రం తడబడుతుంది.

అసలు సమస్య, కెమెరాను ఎక్కడ కట్టాలన్నది. వియత్నాంలో 1990 తర్వాత శాస్త్రజ్ఞులకు ఆనవాలు దొరకని ఒక మూషిక జింక కోసం, ఊళ్లవాళ్లు చెప్పిన గుర్తులు పట్టుకుని మూడే మూడు కెమెరాలు పెట్టారు. అయిదు నెలల్లో 275 ఫొటోలు వచ్చాయి. ఆ సంగతి 2019లో లోకానికి తెలిసింది. నా దృష్టిలో ఆ ఘనతలో సగం ఊరివాళ్లదే.

ఒంటారియోలోనూ అంతే. బొరియ ఉందని ఎవరో ఒకరు చెబితేనే దాని వాకిట కెమెరా పెట్టగలరు. బ్యాడ్జర్‌కు పులిచారలు లేవు, ఫొటో చూసి ఏది ఏదో చెప్పడం కష్టం. అందుకే అక్కడ చిక్కుకున్న వెంట్రుకల్లోని డీఎన్‌ఏ కూడా పరీక్షిస్తారు.

హామిల్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి ఒక మనవి. పొలం గట్టున ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువగా, సుమారు 30 సెంటీమీటర్ల వాకిలి ఉన్న బొరియ, లోపలి పక్కల మీద గోళ్ల గీతలు కనిపిస్తే పూడ్చనివ్వకండి. దూరం నుంచే ఫొటో తీసి, ఒంటారియో నేచురల్ హెరిటేజ్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌కు తెలియజేయండి.